శ్రీ ఎల్-1 గారి దివ్యసముఖమునకు

ఉభయకుశలోపరి. ఉభయ అని రాశాను గానీ, మా మూడో అంతస్తులో పడమటి వరస వాళ్లకి మధ్యాహ్నం రెండు దాటితే కుశలం ఉండదు. ఎక్కడ టెండర్ తెరిచినా మీరు మాత్రం క్షేమంగానే ఉంటున్నారు.

మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం చెప్తున్నా. ప్రభుత్వ టెండర్లో అందరికంటే తక్కువ కోట్ చేసినవారే మీరు. మనుషులు మారతారు, మీ పేరు మారదు. మొదటి కవర్లో టర్నోవర్, పాత పనుల సర్టిఫికెట్లు, ఈఎండీ (టెండర్‌కి ముందు కట్టే ధరావతు) చూస్తారు. పాసా, ఫెయిలా, అంతే. పాసైతే నాలుగు గ్రీన్ బిల్డింగులు కట్టినవాడూ, నలభై కల్యాణమండపాలు కట్టినవాడూ ఒకటే. ఆ తర్వాత మాట్లాడేది రెండో కవర్లోని అంకె. మా ఆఫీసు బిల్డింగుకి మీరు ఎస్టిమేట్ మీద 22 శాతం లెస్‌తో వచ్చారు. ఆ లెస్ ఎక్కడ తగ్గుతుందని అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడది నా నెత్తిన ఎండగా దిగుతోంది.

ఎస్టిమేట్లో రెండు పొరల లో-ఈ గాజు, అంటే వేడిని లోపలికి రానివ్వని పూత ఉన్న గాజు అని రాసి, పక్కనే ‘లేదా తత్సమానం’ అన్నారు. ఎంత పుణ్యం కట్టుకున్న మాటండీ అది! గాజుకి తత్సమానంగా ఆకుపచ్చ ఫిల్మ్ అంటించిన మామూలు అద్దం వచ్చింది. పైకప్పు ఇన్సులేషన్‌కి తత్సమానంగా సున్నం పూశారు. ఇంకుడు గుంతకి తత్సమానం దొరక్క కాబోలు, దాని చోట పార్కింగ్ వేశారు.

చేతకాక కాదు. గ్రీన్ బిల్డింగులకిచ్చే లీడ్ రేటింగ్‌లో అన్నిటికంటే పైదైన ప్లాటినం, అమెరికా బయట మొట్టమొదట 2003లో మన హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే వచ్చింది. మావాళ్లూ బస్సేసుకుని వెళ్లి చూసొచ్చారు. ఫొటోలు బాగా వచ్చాయి.

మిమ్మల్ని కాస్త పక్కకి జరపాలని ఢిల్లీవాళ్లూ చూశారు. నాణ్యతే ముఖ్యమని ముందే ప్రకటించిన పనుల్లో ధరతో పాటు నాణ్యతకీ మార్కులు వేయొచ్చని 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. అయితే 30 శాతానికి మించకూడదట. మిగతా 70 ఎవరివో మీకు తెలుసు. పైగా ఆ 30లో ఎవరికి ఎన్ని ఎందుకు వేశారో రేపు ఆడిట్‌కీ, విజిలెన్స్‌కీ ఆఫీసరే జవాబు చెప్పుకోవాలి. మీకు సంతకం పెడితే ఆ టెన్షన్ లేదు. నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీలో నేనున్నా మీకే పెడతాను. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లున్నాయి.

మీ అంకెలో ముప్ఫై ఏళ్ల కరెంటు బిల్లు కనపడదు. కనపడక్కర్లేదు కూడా. బిల్డింగు కట్టించే శాఖ ఒకటి, బిల్లు కట్టే శాఖ ఇంకోటి.

ఎండకి తాళలేక కిటికీలకి న్యూస్‌పేపర్లు అంటించుకున్నాం. నిన్న అంటిస్తుంటే ఒకదాంట్లో మా బిల్డింగుకే అదనపు ఏసీల టెండర్ ప్రకటన కనపడింది. గడువు ఇంకా వారం ఉంది, మీరెలాగూ వస్తారు. వచ్చేటప్పుడు నా సీటు పక్కకి ఒక కర్టెన్ పట్టుకురండి. తత్సమానమైనా సర్దుకుంటాను.

ఇట్లు,
మూడో అంతస్తు, పడమటి వరస, రెండో సీటు