విట్రిఫైడ్ టైల్స్‌కు సిమెంట్ పాలు చాలవు

ఇల్లు కట్టుకుంటున్నవారి వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. టైల్ అడ్హెసివ్ (టైల్‌ను అతికించే ప్రత్యేక మిశ్రమం) అనేది కంపెనీలు పుట్టించిన అనవసరపు ఖర్చనీ, విట్రిఫైడ్ టైల్‌ను (ఎక్కువ వేడిలో గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్‌ను) రాత్రంతా నానబెట్టి మాలు మీద సిమెంట్ పాలు పోసి పరిస్తే తరాలపాటు నిలుస్తుందనీ, సందు వదలకుండా ఆనించి వేస్తేనే అందమనీ, నేల ఎలా ఉన్నా మాలు మందం పెంచి సరిచేసుకోవచ్చనీ, ఇందుకు మన పాత ఇళ్ల బండల నేలలే రుజువనీ దాని సారాంశం. జీవితకాలపు పొదుపుతో ఇల్లు కట్టుకునేవారు దీన్ని నమ్మి నష్టపోకూడదనే ఈ వివరణ.

పాత ఇళ్ల రుజువుతోనే మొదలుపెడదాం. తాండూరు, షాబాదు బండలు మందంగా, బరువుగా ఉంటాయి. వాటి అడుగు గరుకుగా ఉండి మాలును పట్టుకుంటుంది. ఆ నేలలు నిలిచిన మాట నిజమే. కానీ ఆ అనుభవం విట్రిఫైడ్ టైల్‌కు వర్తించదు. దాని నీటి శోషణ, అంటే నీటిని పీల్చుకునే గుణం, 0.5 శాతానికి మించదు కాబట్టి సిమెంట్ పాలు లోపలికి దిగి పట్టు సంపాదించేందుకు రంధ్రాలే దాదాపు ఉండవు. కొన్నాళ్లకు తట్టి చూస్తే డొల్ల శబ్దం వినిపించడానికి తరచుగా ఇదే కారణం.

నానబెట్టమన్న సలహా గోడలకు వేసే సిరామిక్ టైల్స్ నుంచి వచ్చింది. వాటి శోషణ సాధారణంగా 10 శాతం దాటుతుంది. పొడిగా అతికిస్తే మాలులోని నీటిని లాగేసుకుంటాయి. విట్రిఫైడ్ టైల్‌ను నానబెడితే వెనుక నీటి పొర మిగలడం తప్ప ప్రయోజనం లేదు. చేయవలసిన పని వేరే ఉంది: కొత్త టైల్ వెనుక వేలితో రాస్తే తరచుగా తెల్లటి పొడి అంటుతుంది. ఫ్యాక్టరీలో కొలిమి రోలర్లకు టైల్ అంటుకోకుండా వాడే ఆ పూతను తడిగుడ్డతో తుడవకపోతే ఎంత మంచి అడ్హెసివ్ అయినా ఆ పొడినే పట్టుకుంటుంది, టైల్‌ను కాదు.

అడ్హెసివ్‌కు ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో రకాలున్నాయి కాబట్టి కొనేటప్పుడు బ్రాండు కంటే ముందు మన టైల్‌కు తగిన రకం ఏదో చూడాలి. అయితే సరుకు కొన్నంత మాత్రాన పని అయిపోదు. మూలలకు నాలుగు, మధ్యలో ఒకటి చొప్పున ముద్దలు పెట్టి టైల్‌ను నొక్కేయడం మన దగ్గర చాలా చోట్ల కనిపిస్తుంది. ముద్దల మధ్య ఖాళీ మీద బరువైన వస్తువు పడితే టైల్ పగులుతుంది. పళ్ల తాపీతో ఒకే దిశలో గీతలు పడేలా పరిచి, 2×4 అడుగుల వంటి పెద్ద టైల్‌కు వెనుక కూడా పలుచగా పూయాలి. మేస్త్రీ వేసిన తొలి టైల్స్‌లో ఒకదాన్ని ఆరకముందే లేపించి చూడండి. పొడి గదుల్లో టైల్ వెనుక భాగంలో కనీసం 80 శాతం మేర, స్నానాల గదిలో 95 శాతం మేర అడ్హెసివ్ అంటి ఉండాలి. ఇలా అడగడానికి ఇంటివారు మొహమాటపడవలసిన పనిలేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నేల ఎలా ఉన్నా ఫరవాలేదన్న మాట. మాలు ఒకచోట అంగుళం, మరోచోట మూడంగుళాలు ఉంటే ఆరే తీరు, కుంచించుకునే తీరు వేరవుతాయి. బేస్‌మెంటులో, అంటే పునాది గోడల మధ్య నేల కింద, నింపిన మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టకపోతే, లేదా నల్లరేగడినే తెచ్చి నింపితే, పైన ఏది వేసినా నేల కుంగుతుంది, లేస్తుంది. ముందుగా కాంక్రీటో మాలో మట్టంగా వేసి, తగినన్ని రోజులు నీళ్లు పెట్టి, ఆరనిచ్చి, దుమ్ము ఊడ్పించాలి. ఆపైన పదడుగుల తిన్నని బద్ద పెడితే దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. అడ్హెసివ్ అతికించేదే గానీ పల్లాలు నింపేది కాదు.

ఇక అతుకుల సంగతి. ఇరవై అడుగుల హాలులో 20 డిగ్రీల వేడి తేడాకు టైల్స్ వరస మొత్తం సుమారు ముప్పావు మిల్లీమీటరు సాగుతుంది. అదే సమయంలో కింది కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది. కదలడానికి చోటు లేకపోతే టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా పైకి లేస్తాయి. టైల్స్ మధ్య స్పేసర్లతో (సందు సమంగా ఉంచే చిన్న ముక్కలతో) కనీసం 2 మిల్లీమీటర్లు, గోడల వెంట 6 నుంచి 10 మిల్లీమీటర్లు వదలాలి. గోడ దగ్గరి సందును స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) కప్పేస్తుంది కాబట్టి అందానికి లోటు రాదు. ఆ సందులో మాలు గానీ గ్రౌట్ (అతుకులు పూడ్చే మిశ్రమం) గానీ నిండకుండా స్కర్టింగ్ బిగించేముందు ఒకసారి చూసుకోవాలి.