జాకెట్ లోపల ఏముంది?

బెజవాడ ఏలూరు రోడ్డులో ఒక దుకాణంలో ఈ వారం మేము చూసిన రైడింగ్ జాకెట్ ఖరీదు మూడున్నర వేలు. నల్లటి మెష్ గుడ్డ, భుజాల మీద గట్టి ప్లాస్టిక్ డిప్పలు, వీపు మీద మెరిసే గీతలు. మోచేతి దగ్గర లోపలి జేబు తెరిచి ప్యాడ్ బయటికి లాగితే చేతికొచ్చింది స్పాంజి ముక్క. స్కూలు బ్యాగు పట్టీల్లో కుట్టేలాంటిదే. నొక్కితే వేలికి వేలు తగిలింది. లేబుల్ మీద ‘సీఈ’ అన్న రెండక్షరాలు, అంటే యూరప్ ప్రమాణాలకు సరిపోతుందని చెప్పే గుర్తు, మాత్రం ఉన్నాయి. అవి జాకెట్‌కా, ప్యాడ్‌కా, ఏ ప్రమాణం ప్రకారం ఇచ్చినవో రాసిలేదు. అడిగితే ‘ఇంపోర్టెడ్ సార్, గ్యారంటీ’ అన్నాడు అమ్మే కుర్రాడు. పాపం, అతనికి మాత్రం ఎవరు చెప్పారు గనుక! పైన పటారం, లోన లొటారం.

హెల్మెట్ విషయంలో కనీసం ఒక దారి పడింది. ద్విచక్ర వాహనదారుల హెల్మెట్‌కు 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హైవే పక్కన కుప్పపోసి అమ్మేవాటి మీద దొంగ గుర్తులు ఉంటే ఉండొచ్చు గానీ, కొనేవాడికి అడగడానికి ఒక మాటంటూ ఉంది. మెడ దిగితే ఆ మాట కూడా లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తల దగ్గరే ఆగిపోయింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 74,897 మంది బండి మీద వెళ్తున్నవాళ్లే. అరచేతి చర్మం లేచిపోయి, మోకాలు దోక్కుపోయి, నెలల తరబడి డ్రెస్సింగ్‌లకు తిరుగుతూ కూలి పోగొట్టుకునేవాళ్లు ఈ చావుల లెక్కలోకి రారు. జాకెట్, గ్లవ్స్, ప్యాంటు పనికొచ్చేది ముఖ్యంగా వాళ్లకే.

పనికొస్తాయా లేదా అన్నది కంటితో చూసి చెప్పగలిగేది కాదు. మామూలు జీన్స్ గుడ్డ రాపిడి పరీక్షలో ఒక సెకను నిలిస్తే గొప్ప. అందుకే యూరప్‌లో 2020 నుంచి ‘ఈఎన్ 17092’ అనే ప్రమాణం నడుస్తోంది. రాపిడిని, కుట్ల బలాన్ని కొలిచి, అన్నిటికంటే గట్టిదైన ఏఏఏ నుంచి ఏఏ, ఏ దాకా తరగతులు ఇస్తారు. ప్యాడ్లు లేకుండా రాపిడిని మాత్రమే తట్టుకునేది బి. సి అంటే ప్యాడ్లను పట్టి ఉంచే తొడుగు, దానికి రాపిడితో సంబంధం లేదు. ప్యాడ్లకు వేరే ప్రమాణం, ‘ఈఎన్ 1621-1’. వాటి మీద 50 జౌల్‌ల శక్తితో దెబ్బ వేసి అవతలికి ఎంత బలం చేరిందో చూస్తారు. సగటు 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవెల్ 1, 20 దాటకపోతే లెవెల్ 2. మన దుకాణాల్లో ‘సీఈ జాకెట్’ అని చెప్పేవాటిలో చాలాసార్లు ఆ గుర్తు ప్యాడ్ వరకే. గుడ్డ సంగతి దేవుడెరుగు.

ప్యాడ్ మీద మరో చిన్న గుర్తు ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు: ‘టి ప్లస్’. 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షకు నిలిచిందని దాని అర్థం. ఇది చేయించుకోవడం కంపెనీ ఇష్టం, తప్పనిసరి కాదు. చల్లటి దేశాల్లో అది అదనపు హంగు కావచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే బెజవాడలో, ఎండలో పెట్టిన బండి సీటు మీద చెయ్యి వేయలేని ఊళ్లో, మొదట చూడాల్సింది దాన్నే. ఈ ప్యాడ్లలో కొన్ని రకాలు వేడికి మెత్తబడతాయి మరి.

ప్రమాణం ఉంటే చాలా అంటే, చాలదు. ఆస్ట్రేలియాలో పరిశోధకురాలు లిజ్ డి రోమ్ బృందం ప్రమాదాలకు గురైన బైకర్ల గాయాలను, వాళ్ల ఒంటి మీది దుస్తులను కలిపి పరిశీలించి 2011లో ఫలితాలు వెల్లడించింది. రక్షణ దుస్తులు వేసుకున్నవాళ్లకు గాయాలు తగ్గిన మాట నిజమే. కానీ బైకుల కోసమే తయారైన జాకెట్లలో 29.7 శాతం, గ్లవ్స్‌లో 25.7 శాతం ఆ ప్రమాదంలోనే చిరిగో అరిగో విఫలమయ్యాయి. నమ్మి డబ్బు పెట్టి కొన్నవాళ్లలో నలుగురిలో ఒకరి గతి అది. అక్కడి ప్రభుత్వ సంస్థలు, బీమా రంగం, న్యూజిలాండ్‌తో కలిసి 2018లో ‘మోటోక్యాప్’ అనే పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టాయి. కంపెనీ పంపిన నమూనా కాదు, మామూలు ఖాతాదారుల్లా దుకాణంలో కొన్న దుస్తుల్నే డీకిన్ యూనివర్సిటీ ప్రయోగశాలలో అరగదీసి, గుద్ది, చింపి చూస్తారు. ఫలితం అయిదు నక్షత్రాల లెక్కలో అందరికీ ఉచితంగా కనిపిస్తుంది.

మాకు అందులో నచ్చింది రెండో వరుస నక్షత్రాలు. రక్షణకు ఇచ్చినట్టే, చెమట ఆవిరిగా బయటికి పోతుందా లేదా అన్నదానికీ విడిగా నక్షత్రాలు ఇస్తారు. మనకు ఇదే కీలకం. గుంటూరు నుంచి బెజవాడకు రోజూ బండి మీద వచ్చిపోయేవాళ్లను అడగండి. కాజ టోల్‌గేట్ దాటి వారధి మీదికి వచ్చేసరికి కాటన్ చొక్కానే ఒంటికి అతుక్కుపోతుంది. దాని మీద ఏఏఏ జాకెట్ వేసుకోమంటే వినేవాడు విని నవ్వి ఊరుకుంటాడు. వేసుకున్నా రెండో రోజు అది ట్యాంకు మీదికి, మూడో రోజు ఇంట్లో మేకుకు చేరుతుంది. ఉక్కపోతకు కళ్లు బైర్లు కమ్మే మనిషి బండి నడపడం మాత్రం భద్రత ఎలా అవుతుంది?

కార్లకు ఈ పని జరిగింది. కార్లను గుద్దించి చూసి నక్షత్రాలు ఇచ్చే ‘భారత్ ఎన్‌క్యాప్’ 2023 అక్టోబరు 1న మొదలైంది. షోరూముకు వెళ్లే కుటుంబాలు మైలేజీతో పాటు ‘ఎన్ని స్టార్లు?’ అనీ అడుగుతున్నాయి. ప్రమాదాల్లో ఎక్కువగా పోయేది బండి మీదివాళ్లే అయినప్పుడు ఆ ప్రశ్న వాళ్ల చేతికెందుకు ఇవ్వకూడదు? కేంద్ర రవాణా శాఖ, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ కలిసి జాకెట్లకు, ప్యాంట్లకు, గ్లవ్స్‌కు నక్షత్రాలు ఇప్పించాలి. రక్షణకు ఒక వరుస, వేడికి ఒక వరుస. క్లెయిములు కట్టేది బీమా కంపెనీలే కాబట్టి ఖర్చులో వాటా పెట్టమని అడగడం అన్యాయం కాదు. ఇంకో చలానా పుట్టించమని మాత్రం మేము అడగడం లేదు, ఉన్నవి చాలు. స్కూటీ మీద రైతుబజారుకు వెళ్లే గృహిణిని జాకెట్ లేదని ఆపితే ఈ ఆలోచనకే చెడ్డపేరు వస్తుంది.

తప్పనిసరి చేయాలంటే డెలివరీ సంస్థల నుంచి మొదలుపెట్టాలి. మిట్టమధ్యాహ్నం బందరు రోడ్డులో బిర్యానీ పొట్లంతో పరుగెత్తే కుర్రాడికి కంపెనీ ఇచ్చేది పేరు అచ్చేసిన పల్చటి టీషర్టు. పొట్లం చల్లారకుండా ఉండటానికి మాత్రం మందపాటి ఫోమ్ పెట్టె! పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. అందుకని ముందు గ్లవ్స్ ఇవ్వాలి, డబ్బు వాళ్ల జీతంలో కోయకుండా.

పరీక్షలకు తొలి విడత జాకెట్లు ఏలూరు రోడ్డులోనే కొనమని మా సూచన, అదీ మే నెలలో. కొన్న అధికారులు వాటిని ప్రయోగశాలకు పంపే ముందు తామే ఒంటికి తొడుక్కుని, మధ్యాహ్నం రెండింటికి బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడేదాకా నిలబడాలి.