‘కలహయుగం’ ఆల్బమ్‌ను అభిమానులు సగమే వింటున్నారు

న్యూయార్క్ బ్యాండ్ క్రో-మ్యాగ్స్ తొలి ఆల్బమ్ ‘ద ఏజ్ ఆఫ్ క్వారెల్’ గురించి ఏ మెటల్ అభిమానిని కదిలించినా మూడు మాటలు వస్తాయి: కసి, వేగం, వీధి. హార్డ్‌కోర్ పంక్‌కూ (పంక్ రాక్‌లో కరుకైన, వేగమైన రకం) థ్రాష్ మెటల్‌కూ (మెటల్‌లో వేగమైన రకం) మధ్య గోడ కూల్చిన రికార్డు అని నాలుగోది కలుపుతారు. 1986 నుంచీ ఇదే వరస. ఇందులో వేగం అన్నది తప్పు, కసి అన్నది సగం నిజం. అసలు సంగతి అట్ట మీదే అచ్చేసి ఉంది, దాన్ని మాత్రం దాటేసి పోతారు. ఏజ్ ఆఫ్ క్వారెల్ అంటే కలహాల యుగం, అంటే కలియుగం. ఇస్కాన్ స్థాపకుడు భక్తివేదాంత స్వామి ప్రభుపాద తన పుస్తకాల్లో కలియుగాన్ని ఇంగ్లిష్‌లో చెప్పిన తీరు అది. అమెరికా కుర్రాడికి అదొక భయపెట్టే పేరు. మనకైతే సంకల్పంలో ‘కలియుగే ప్రథమపాదే’ అని పురోహితుడు గుక్క తిప్పుకోకుండా చదివేసే మాట. భయం ఎప్పుడో పోయింది.

నేపథ్యం రెండు ముక్కల్లో సరిపెడతాను. హార్లీ ఫ్లానగన్ బేస్, జాన్ జోసెఫ్ గొంతు, ప్యారిస్ మేహ్యూ, డగ్ హాలండ్ గిటార్లు, మ్యాకీ జేసన్ డ్రమ్స్. 15 పాటలు, మొత్తం 35 నిమిషాల లోపే. అట్ట మీద అణుబాంబు పుట్టగొడుగు మేఘం. విడుదల చేసింది ప్రొఫైల్ రికార్డ్స్, అదే ఏడాది రన్-డీఎంసీ ‘రైజింగ్ హెల్’ తెచ్చిన ర్యాప్ కంపెనీ. మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’, స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ కూడా 1986వే. అంత గట్టి పోటీ ఉన్న ఏడాదిలో వచ్చి కూడా ఈ రికార్డు చెక్కుచెదరలేదు.

ఇక మ్యాన్‌హాటన్ పటం తీయండి. ప్రభుపాద 1966లో తొలి మందిరం పెట్టిన దుకాణం చిరునామా 26, సెకండ్ అవెన్యూ. పాత దుకాణం వాళ్ల ‘మ్యాచ్‌లెస్ గిఫ్ట్స్’ బోర్డును కూడా తీయలేదు. ఆదివారం మధ్యాహ్నాలు హార్డ్‌కోర్ కచేరీలు జరిగిన సీబీజీబీ క్లబ్ 315, బౌరీ. రెండిటికీ మధ్య నడక అయిదారు నిమిషాలు. ప్రభుపాద ఆరుబయట హరేకృష్ణ కీర్తన చేసిన టాంప్కిన్స్ స్క్వేర్ పార్కు మూలనే, హార్డ్‌కోర్ పుట్టి పెరిగిన ఏ7 క్లబ్ ఉండేది. ఎనభైల్లో ఆ పేటంతా కాలిపోయిన ఇళ్లు, హెరాయిన్. ఖాళీ కొంపల్లో దూరి బతికిన కుర్రాళ్లకు కృష్ణ భక్తులు పెట్టిన ప్రసాదం ముందు అందింది, భాగవతం ఆ విస్తరి వెంట వచ్చింది. ఈ పేటలో కలియుగ లక్షణాలు చదివినవాడికి అది పురాణంలా కాదు, ఆ పూట పేపర్‌లా అనిపించి ఉంటుంది.

ఆ లక్షణాలు మనకు పోతన నోటివెంట తెలుసు. ప్రథమ స్కంధంలో శౌనకాది మునులు సూతుణ్ని అడుగుతారు: ‘అలసులు మందబుద్ధియుతు లల్పతరాయువు లుగ్రరోగసంకలితులు మందభాగ్యులు’. కలిలో మనుషులు ఇలా ఉంటారు గదా, మరి ‘ఏమిటం బొడము నాత్మకు శాంతి’ అని. ఇప్పుడు ఆల్బమ్ మొదటి పాట పేరు చూడండి: ‘వుయ్ గాటా నో’. మాకు తెలిసి తీరాలి! మునులు నైమిశారణ్యంలో వినయంగా అడిగిన ప్రశ్నే ఇక్కడ గల్లా పట్టుకుని అడిగినట్టు ఉంటుంది. ఆ తర్వాత వచ్చే ‘మాల్‌ఫంక్షన్’, ‘సర్వైవల్ ఆఫ్ ద స్ట్రీట్స్’, ‘హార్డ్ టైమ్స్’ ఏమిటి? మందబుద్ధులు, అల్పాయుష్కులు, మందభాగ్యుల పట్టికే. ‘సీకర్స్ ఆఫ్ ద ట్రూత్’ అయితే మళ్లీ ఆ మునులే. చివరి పాట ‘సైన్స్ ఆఫ్ ద టైమ్స్’, అచ్చంగా యుగ లక్షణాలు. మన భాగవత సప్తాహాల్లో ఈ ప్రశ్నను ఇంత ఆబగా అడగడం ఎవరైనా విన్నారా?

సాహిత్యం మాటల్లోనే ఉండిపోయి ఉంటే ఈ వ్యాసం అక్కర్లేదు. అది తాళంలోకి దిగింది. అభిమానులు వేగం అని పొరబడేది ఇక్కడే.

ఒకటి-రెండు-మూడు-నాలుగు అని గబగబా లెక్కపెట్టండి. హార్డ్‌కోర్ తాళంలో ప్రతి అంకె మీదా కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) పడుతుంది, అంకెకూ అంకెకూ మధ్య స్నేర్ (పుల్లతో కొట్టే చురుకైన డ్రమ్ము). ఆవర్తానికి నాలుగు స్నేర్ దెబ్బలు. ఇప్పుడు లెక్క ఆపకుండా స్నేర్‌ను మూడో అంకె మీద మాత్రమే కొట్టండి. నాలుగు దెబ్బల చోట ఒక్కటి. లెక్క మారలేదు, గిటార్ మీద కుడిచెయ్యి ముందున్న వేగంతోనే కదలొచ్చు, కానీ వినేవాడి ఒళ్లు ఒక్కసారిగా బరువెక్కుతుంది. మృదంగం వాళ్ల భాషలో పై కాలం నుంచి కింది కాలానికి దిగడం. మెటల్ జనం బ్రేక్‌డౌన్ అంటారు, మోష్ పార్ట్ అని కూడా. వేదిక ముందు జనం గుద్దుకుంటూ ఆడే పిట్‌లో గుండ్రంగా పరుగెత్తేవాళ్లు ఆ క్షణంలో పరుగు ఆపి కాళ్లు నేలకేసి కొడతారు.

మ్యాకీ జేసన్ గొప్పతనం ఆ దిగడంలో ఉంది. తర్వాత 1989లో బ్యాడ్ బ్రెయిన్స్ బ్యాండ్ ఆల్బమ్ ‘క్విక్‌నెస్’కు వాయించింది కూడా ఇతనే. వేగంగా కొట్టేవాళ్లు న్యూయార్క్‌లో వీధికొకడు ఉన్నాడు. దిగేటప్పుడు తడబడనివాడు దొరకడం కష్టం. ‘వుయ్ గాటా నో’లో గొంతు చాలాసేపు రాదు, వాద్యాలే పాటను ఎత్తి ఎత్తి వదులుతాయి. నాలుగో పాట ‘మాల్‌ఫంక్షన్’కు వచ్చేసరికి బండి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు నడక, బరువైన మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ వాసన కొడుతుంది. ఎల్‌పీ మొదటి వైపు చివరన, ఆల్బమ్‌లోకెల్లా పొడవైన ‘సీకర్స్ ఆఫ్ ద ట్రూత్’. తిప్పి పెట్టగానే నిమిషం కూడా దాటని ‘ఇట్స్ ద లిమిట్’. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టిన చేతికి లయజ్ఞానం ఉంది.

ఈ ఆల్బమ్‌ను కాపీ కొట్టబోయి బోర్లాపడ్డ బ్యాండ్లకు లెక్కలేదు. ఎందుకు పడతాయో నాలుగు కారణాల్లో తేలిపోతుంది. ఒకటి, డ్రమ్మర్ వేగం భాగంలో ఉత్సాహం కొద్దీ పరుగు పెంచేస్తాడు. దిగాల్సిన చోటికి వచ్చేసరికి లెక్క ముందుకు జారి ఉంటుంది, కాబట్టి దిగడం దిగడంలా కాక తూలడంలా వినిపిస్తుంది. రెండు, యాంప్ మీద గెయిన్, అంటే గిటార్ ధ్వనిని గరుకు చేసే మీట. అరచేతి అంచుతో తీగ నొక్కి కొట్టే పామ్ మ్యూట్‌కు బలం దెబ్బలో కంటే దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉండే నిశ్శబ్దంలో ఎక్కువ. గెయిన్ పదికి ఎనిమిది తిప్పితే ఆ ఖాళీని రొద నింపేస్తుంది. సగానికి దించి, మిడ్స్ (మధ్యస్థాయి ధ్వని) పెంచాలి. గదిలో ఒక్కడే వాయించుకునేటప్పుడు మిడ్స్ తీసేస్తే వినసొంపుగానే ఉంటుంది, పక్కన డ్రమ్స్ మొదలవగానే గిటార్ మాయమవుతుంది. మూడు, బరువు కోసం శ్రుతి దించడం. 0.009 అంగుళాల సన్నతీగల సెట్‌నే ఉంచి శ్రుతి దించితే లావు తీగ వదులై, గట్టిగా మీటినప్పుడల్లా స్వరం పైకి ఎగిరి వంకర పోతుంది. దించాలనుకుంటే 0.011 సెట్‌కు మారి, మెడ బిగింపు కూడా సరిచూసుకోవాలి. నాలుగోది నేటి రోగం. కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనూ గీత మీదికి లాగి కూర్చోబెడతారు. అలా చేశాక తాళం తప్పు పోతుంది, దానితోపాటు ముందుకు తోసే ఊపు కూడా పోతుంది.

వినడంలోనూ జాగ్రత్త కావాలి. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, గిటార్‌ది 82. ఫోన్ స్పీకర్ ఆ కింది సరుకును దాదాపుగా పలికించలేదు. ఫోన్‌లో విని ‘గోల’ అనేవాళ్లు నిజానికి సగం బ్యాండ్‌నే విన్నారు. వైరున్న హెడ్‌ఫోన్ మామూలుదైనా చాలు. బేస్ బూస్ట్ మాత్రం తీసేయండి, అది కిక్‌నూ బేస్‌నూ ఒకే ముద్ద చేస్తుంది.

ఎదుటి వాదన లేకపోలేదు. అసలు పచ్చిదనం అంతకుముందరి డెమోలో (నమూనా రికార్డింగులో) ఉందనీ, అది 2000లో ‘బిఫోర్ ద క్వారెల్’ పేరుతో వచ్చాక ఈ ఆల్బమ్ అవసరం తగ్గిందనీ కొందరంటారు. ఇది వట్టి హార్డ్‌కోర్, మెటల్ కలిసిన క్రాసోవర్ కానే కాదని మరికొందరు. కృష్ణుడు, కలి అంతా పైపూత, బ్యాండ్ పేరు కోసం కోర్టుకెక్కి 2019 దాకా తేల్చుకోలేని వాళ్లకు భక్తేమిటన్నది అన్నిటికంటే గట్టి పోటు. డెమో పచ్చిదే, ఒప్పుకుంటాను. పచ్చిదనం ఒక్కటే కొలత అయితే వంట ఎందుకు? పేర్ల పేచీకి నా దగ్గర జవాబు లేదు, కలహయుగం అని పేరు పెట్టుకున్నవాళ్లు కలహించుకుంటే ఆశ్చర్యపోవడం కూడా నావల్ల కాదు.

పైపూత అనేవాళ్లు రెండో ఆల్బమ్ అట్ట చూడాలి. 1989లో వచ్చిన ‘బెస్ట్ విషెస్’ మీద ఉన్నది నరసింహుడు. హిరణ్యకశిపుణ్ని చీలుస్తున్న ఉగ్రరూపం. (‘ఏజ్ ఆఫ్ క్వారెల్’ అనే పేరుతో పాట ఉన్నది కూడా మొదటి ఆల్బమ్‌లో కాదు, ఇందులో.) అమెరికాలో దాన్ని చూసి మెటల్ అట్టల మీద మామూలుగా ఉండే రాక్షసుడే అనుకున్నవాళ్లు ఉండొచ్చు. అహోబిలం, యాదగిరిగుట్ట, మంగళగిరి, సింహాచలం తెలిసినవాడికి ఆ పొరపాటు జరగదు.

ఈ పరంపరకు మన నేలతో ఉన్న ముడి దూరపు చుట్టరికం కాదు. ప్రభుపాద సంప్రదాయానికి మూలపురుషుడైన చైతన్యుడు పదహారో శతాబ్దం మొదట్లో దక్షిణయాత్రకు వచ్చాడు. ముందు సింహాచలంలో నరసింహుణ్ని సేవించి, తర్వాత గోదావరి ఒడ్డున గజపతుల అధికారి రామానంద రాయలతో భక్తి తత్త్వం చర్చించాడని చైతన్య చరితామృతం చెబుతుంది. కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్లినవాళ్లకు ఆ కథ తెలుసు. సింహాచలంలో ఆయన చదివినట్టు చెప్పే శ్లోకం ఇలా మొదలవుతుంది: ‘ఉగ్రోఽప్యనుగ్ర ఏవాయం స్వభక్తానాం నృకేసరీ’. ఉగ్రుడే, కానీ తనవాళ్లకు కాదు, సింహం తన పిల్లలకు ఉగ్రం కానట్టే. హార్డ్‌కోర్ పిట్‌కు ఇంతకంటే మంచి వర్ణన నేను చదవలేదు. బయటి నుంచి చూస్తే కొట్లాట. లోపల ఒకడు పడితే నలుగురు పరుగు ఆపి, చంకల కింద చేతులు పెట్టి లేపాకే మళ్లీ కదులుతారు. కృష్ణ భక్తిని హార్డ్‌కోర్‌లో పాడిన షెల్టర్, 108 లాంటి బ్యాండ్లు తర్వాత ఈ దారినే వచ్చాయి.

మరి మన సంగతి? భక్తి అంటే మెత్తగా ఉండాలని మనకు ఎవరు చెప్పారో గానీ, గట్టిగా నమ్మేశాం. క్యాసెట్ల కాలం నుంచి నేటి యూట్యూబ్ ఛానళ్ల దాకా ఒకటే మూస: కీబోర్డ్ తివాచీ, వేణువు, ప్రతిధ్వనిలో నానబెట్టిన గొంతు, పైన ‘మనశ్శాంతి కోసం వినండి’ అని చీటీ. నరసింహుడి దండకాన్ని కూడా జోలపాటలా పాడగల ఘనులం. ఇదే తెలుగునేల మీద వీరనాట్యంలో వీరణం డోలు మోగుతుంటే ‘శరభా అశ్శరభా’ అంటూ ఖడ్గాలు (వీరభద్రుడి స్తుతులు) చదువుతారు. చెక్కభజన నెమ్మదిగా మొదలై కాలం పెంచుకుంటూ పోతుంది, చివర్లో కాళ్లు నేలకు ఆనవు. తమాషా ఏమిటంటే చెక్కభజనది పైకెక్కే దారి, క్రో-మ్యాగ్స్‌ది దిగే దారి. రెండింటా ఒళ్లు పనిచేస్తుంది, గుంపు ఒక్క గొంతవుతుంది. భాగవతం పన్నెండో స్కంధం కలిని దోషాల నిధి అని తిట్టిపోశాక దానికి ఒకే ఒక్క గుణం ఇచ్చింది, కీర్తన. అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోవడానికని ఎక్కడా అనలేదు. పదిమంది ఒకే మాటను గొంతు చించుకుని అరిచే హార్డ్‌కోర్ పల్లవి, స్టూడియోలో ఒక్కరే కూర్చుని గుసగుసలాడే కృష్ణాష్టకం కంటే ఆ కీర్తనకు దగ్గర. కోపం వచ్చేవాళ్లకు రానివ్వండి.

సింహాచలంలో వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం ఒలుస్తారు. నిజరూపం కనిపించేది ఆ ఒక్కరోజే. ఆ తర్వాత మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా, ఆషాఢ పౌర్ణమి దాకా పన్నెండు మణుగుల చందనం పూస్తారు. అక్కడ పూత కింద ఏముందో పూసేవాళ్లకు తెలుసు, ఏడాదికోసారి జనానికీ చూపిస్తారు. మన రికార్డింగ్ స్టూడియోల్లో పూసేవాళ్లకు ఆ సంగతి తెలుసని నమ్మకం లేదు. వీరణాన్ని, చెక్కలను జనం మధ్యలోనే, ప్రతిధ్వని కలపకుండా రికార్డు చేసి ఒక్కటంటే ఒక్క ఆల్బమ్ తెచ్చేవాళ్లుంటే, మైకులు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి ‘సీకర్స్ ఆఫ్ ద ట్రూత్’ ఒకసారి విని రమ్మంటాను.