ఫుట్‌బాల్‌ను వేరు చేయండి, మిగతా ఆటలను ఇంటికి రానివ్వండి

2023 ఆగస్టు 4, శుక్రవారం. అమెరికా పశ్చిమ తీరంలోని పేరున్న విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి పాక్-12. దాని వర్సిటీల అధిపతులు ఆ ఉదయం సమావేశమైనప్పుడు, తమ ఆటల ప్రసారానికి ఆపిల్ సంస్థతో ఒప్పందం ఇక ఖాయమేననే మాట వినిపించింది. సంతకాలు పడలేదు. రాత్రయ్యేసరికి ఆరెగాన్, వాషింగ్టన్ వర్సిటీలు ‘బిగ్ టెన్’ అనే మరో కూటమికి (కాన్ఫరెన్స్‌కు), అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా ‘బిగ్ 12’ కూటమికి వెళ్లిపోతున్నట్టు తేలిపోయింది. లాస్ ఏంజెలెస్ వర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ ఏడాది ముందే బయటికి నడిచాయి. కొలరాడో అంతకు వారం క్రితమే సెలవు చెప్పింది. నెల తిరగకుండానే స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ ఏసీసీలో తలదాచుకున్నాయి. 1915 నాటి మూలాలున్న పాక్-12లో చివరికి మిగిలినవి రెండే: వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్ స్టేట్.

ఆ తర్వాత కూడా కూటములు మారుతూనే ఉన్నాయి. టెక్సస్, ఓక్లహోమా 2024లో దక్షిణాది కూటమి ఎస్ఈసీలో చేరాయి. బిగ్ టెన్‌లో ఇప్పుడున్నవి పద్దెనిమిది. మిగిలిన ఆ రెండు వర్సిటీలు బోయిజీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్ వంటి వాటిని కూడగట్టి 2026 జులై నుంచి పాక్-12ను మళ్లీ నిలబెట్టే పనిలో పడ్డాయి. పేరు పాతదే, కూటమి వేరు.

ఈ కూటములను కదిలిస్తున్నది ఫుట్‌బాల్. అది మనం సాకర్ అనుకునే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడి వర్సిటీ జట్ల మ్యాచ్‌లకు లక్షమంది పట్టే స్టేడియాలు నిండుతాయి. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే వర్సిటీల కూటమి. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, వాలీబాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్, ఈత... అన్నీ ఆ కూటమిలోనే. ఇరుగుపొరుగు రాష్ట్రాల వర్సిటీలు కలిసి కట్టుకున్న కూటములు కాబట్టి ఒకప్పుడు ఈ ఏర్పాటు చక్కగా సాగింది. మన పిల్లలు అరిజోనా స్టేట్‌లోనో రట్గర్స్‌లోనో సీటు తెచ్చుకుని వెళ్లినప్పుడు మొదట కొనే స్వెట్‌షర్ట్ మీద ఉండే బొమ్మ ఈ జట్లదే. (తెలుగు విద్యార్థులు గుమిగూడే యూటీ డాలస్‌కు మాత్రం ఫుట్‌బాల్ జట్టే లేదు. దాని పేరు మోగేది చదరంగంలో. అక్కడివాళ్లకు ఈ గొడవ పట్టకపోవడం సహజమే.)

ఈ పరుగు నిన్న మొన్న మొదలైంది కాదు. 1984 వరకు కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు మొత్తం కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేతిలోనే ఉండేవి. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనపడాలో కూడా అదే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా వర్సిటీలు కోర్టుకెక్కాయి. ఇది గుత్తాధిపత్యమేనని సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్, విద్యార్థిగా కొలరాడోకు ఫుట్‌బాల్ ఆడి దేశమంతటా పేరు తెచ్చుకున్నవాడు. పగ్గాలు వదిలేస్తే ఆట పూర్తిగా వ్యాపారమైపోతుందన్నది ఆయన భయం. చట్టం ప్రకారం మెజారిటీ తీర్పును తప్పుపట్టలేం. కానీ తర్వాత జరిగింది చూస్తే ఆయన భయం ఉత్తిది కాదని ఒప్పుకోక తప్పదు. హక్కులు కాన్ఫరెన్సుల చేతికొచ్చాక, ఎక్కువమంది చూసే జట్లున్న కూటమికి ఎక్కువ డబ్బు అన్నదే లెక్కయింది. 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో బిగ్ టెన్ కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏలు వస్తున్నాయంటే లాస్ ఏంజెలెస్ టీవీ మార్కెట్ వచ్చినట్టే.

పాక్-12 పతనానికి ఒక్కరినే వేలెత్తి చూపడం కుదరదు. తిలా పాపం తలా పిడికెడు. క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్ ఒక్కో వర్సిటీకి ఏటా 3 కోట్ల డాలర్లు ఇస్తామంటే, 5 కోట్లు కావాలని అధిపతులే బిగుసుకు కూర్చున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. చివరికి వాళ్ల ముందుకొచ్చింది చందాదారులు పెరిగితేనే పెరిగే ఆపిల్ ఆదాయం. ఆరెగాన్, వాషింగ్టన్ మాత్రం బిగ్ టెన్‌లో పాత సభ్యులకు వచ్చేదాంట్లో సగం వాటాకే సరేనన్నాయి. డాలస్‌లోని ఎస్ఎంయూ వర్సిటీ ఇంకా ముందుకెళ్లింది. తొమ్మిదేళ్లపాటు టీవీ డబ్బులో వాటా అక్కర్లేదని రాసిచ్చి మరీ ఏసీసీలో చేరింది.

వెళ్లినవారి సంగతి ఇలా ఉంటే, మిగిలినవారు ఏమయ్యారన్నది చూడాలి. పుల్‌మన్ ఎటుచూసినా గోధుమ పొలాలే కనిపించే చిన్న ఊరు. వాషింగ్టన్ స్టేట్ వర్సిటీయే దానికి ఆధారం. టీవీలో చూసేవాళ్ల సంఖ్య తేవడానికి అక్కడ మహానగరం లేదు, అంతకుమించి ఆ వర్సిటీ చేసిన నేరమేమీ లేదు. కాన్ఫరెన్స్ నుంచి ఏటా 3 కోట్ల డాలర్లకు పైగా వచ్చే ఆదాయం ఉన్నపళంగా పోయింది. కూటమి ఆస్తులు, పేరు ఎవరివో తేల్చుకోవడానికి వెళ్లిపోయినవారితో కోర్టులో పోరాడి గెలవాల్సి వచ్చింది. ఏటా నవంబరు చివర్లో రాష్ట్రమంతా ఎదురుచూసే, 1900లో మొదలైన వాషింగ్టన్-వాషింగ్టన్ స్టేట్ పోరు 2024లో సెప్టెంబరుకు మారిపోయింది. సీజన్‌కు ముగింపుగా నిలిచే మ్యాచ్ కాస్తా ప్రారంభ వారాల్లో ఒకటై కూర్చుంది. ఇక 2025లో ఆ మిగిలిన రెండు జట్లూ తమలో తాము రెండుసార్లు ఆడుకున్నాయి, ఒకటి ఆరెగాన్ స్టేట్ ఊరు కార్వాలిస్‌లో, ఒకటి పుల్‌మన్‌లో. నూరేళ్లు దాటిన కాన్ఫరెన్స్‌లో ఆ ఏడాది లోపలి పోటీలంటే ఆ రెండే.

ఇంత జరిగినా, ఫుట్‌బాల్‌కు వచ్చిన నష్టం పెద్దగా లేదు. జట్టు వారానికి ఒకసారే ఆడుతుంది, ప్రత్యేక విమానంలో వెళ్తుంది, సీజన్‌లో దూరప్రయాణాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అసలు దెబ్బ పడింది ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించని ఆటల మీద. లాస్ ఏంజెలెస్ నుంచి, బిగ్ టెన్‌లోనే ఉన్న న్యూజెర్సీలోని రట్గర్స్‌కు దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు, మధ్యలో మూడు గంటల కాలభేదం. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ జట్లు వారంలో రెండు మూడు మ్యాచ్‌లు ఆడతాయి. పందొమ్మిదేళ్ల అమ్మాయి ఆదివారం తూర్పు తీరంలో ఆడి, అర్ధరాత్రి దాటాక హాస్టల్‌కు చేరి, సోమవారం ఉదయం కెమిస్ట్రీ ల్యాబ్‌లో నిలబడాలి. ఫుట్‌బాల్ హక్కులు ఎక్కువ ధరకు అమ్ముడుపోవడానికి ఆ అమ్మాయి నిద్ర ఎందుకు చెడాలి? ఈ ప్రశ్నకు ఏ వర్సిటీ అధిపతీ ఇంతవరకూ సూటిగా జవాబు చెప్పలేదు.

కాలిఫోర్నియా పరిస్థితి మరీ విడ్డూరం. యూసీఎల్‌ఏ, బర్కిలీ రెండూ ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలో భాగాలు, పాలకమండలి ఒక్కటే. ఒకటి వెళ్లిపోవడం వల్ల రెండోది నష్టపోయింది కాబట్టి యూసీఎల్‌ఏ ఏటా కోటి డాలర్లు బర్కిలీకి కట్టాలని ఆ పాలకమండలే 2024లో నిర్ణయించింది. విడాకుల భరణం అని జనం దానికి పేరు పెట్టారు. ఆ యూసీఎల్‌ఏ క్రీడా విభాగమేమో ఎప్పటినుంచో లోటులోనే నడుస్తోంది. ఒకే ఇంటి డబ్బును ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడానికేనా ఇంత హడావిడి!

ఫుట్‌బాల్ కాని ఆటలను ఎందుకు కాపాడాలని అడిగేవారికి పారిస్ ఒలింపిక్స్ పట్టిక చూపిస్తే చాలు. అమెరికా బృందంలో సుమారు నాలుగింట మూడొంతుల మంది కాలేజీ క్రీడల్లోంచి వచ్చినవారే. స్టాన్‌ఫర్డ్‌తో అనుబంధం ఉన్న క్రీడాకారులు తెచ్చిన పతకాలే 39. మన దేశం మొత్తానికి వచ్చినవి ఆరు. ఆ స్టాన్‌ఫర్డే 2020లో పదకొండు ఆటలను ఎత్తేస్తామని ప్రకటించి, పూర్వ విద్యార్థులు తిరగబడితే మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. ఖర్చు పెరిగితే ముందు కత్తి పడేది ఎక్కడో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇప్పుడు దాని జట్లు బోస్టన్, మయామీలకు తిరుగుతున్నాయి.

పాతకాలమే బంగారమని మేం అనడం లేదు. ఆటగాళ్లకు పైసా ఇవ్వకుండా వాళ్ల పేరు మీద కోట్లు గడించిన వ్యవస్థ అది. 2021లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా దాని పునాది కదిలించారు. ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకునే వీలు ఆ ఏడాదే వచ్చింది. ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో ఖరారైన రాజీ ప్రకారం పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్ల బకాయి చెల్లించాలి. వర్సిటీలు ఇప్పుడున్న ఆటగాళ్లకు నేరుగా జీతం లాంటిది ఇవ్వొచ్చు, తొలి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఇది న్యాయం. ఆలస్యంగా జరిగిన న్యాయం.

కొత్త వ్యవస్థ కొందరికి తలుపులు తెరిచిందనీ ఒప్పుకోవాలి. బిగ్ 12లో అడుగుపెట్టిన తొలి ఏడాదే అరిజోనా స్టేట్ విజేతై, జాతీయ చాంపియన్‌ను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌కు వెళ్లింది. దశాబ్దాలుగా ఓడిపోవడానికే పుట్టిందని పేరుపడ్డ బిగ్ టెన్ వర్సిటీ ఇండియానా, 2026 జనవరిలో మయామీని ఓడించి జాతీయ చాంపియన్ అయింది. పాత పద్ధతిలో ఇది కలలో మాటే.

అయితే డబ్బు లేదన్న ఏడుపును మాత్రం నమ్మలేం. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం వర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసి, ఒప్పందంలో మిగిలిన కాలానికి చెల్లించడానికి ఒప్పుకున్న మొత్తం 7.5 కోట్ల డాలర్లు దాటింది. పని చేయనందుకు! మరోపక్క టెన్నెసీ వర్సిటీ టికెట్ల మీద పది శాతం ‘టాలెంట్ ఫీజు’ వేసింది. క్లెంసన్ 2025 నుంచి విద్యార్థులపై సెమిస్టర్‌కు 150 డాలర్ల క్రీడా రుసుం మోపింది. మ్యాచ్ చూడని విద్యార్థి కూడా కట్టాల్సిందే. ఇక్కడ పొలం తాకట్టు పెట్టి, బ్యాంకులో అప్పు తెచ్చి కొడుకునో కూతురినో అమెరికా పంపిన తల్లిదండ్రులు ఫీజు రసీదులో ఇలాంటి పద్దు కనపడితే అదేమిటో తప్పకుండా అడగాలి.

మా సూచన ఒక్కటే. ఫుట్‌బాల్‌ను మిగతా ఆటల నుంచి విడదీయాలి. టీవీ డబ్బు ఎటు లాగితే ఫుట్‌బాల్ అటు పోనీ, కూటమిలో ముప్పై జట్లున్నా సరే. వాలీబాల్, టెన్నిస్, సాఫ్ట్‌బాల్, పరుగు, ఈత మాత్రం పాత ప్రాంతీయ కూటముల్లోకి తిరిగి రావాలి. యూసీఎల్‌ఏ వాలీబాల్ జట్టు బర్కిలీతో, స్టాన్‌ఫర్డ్‌తో, అరిజోనాతో ఆడాలి. ఇందులో కొత్త ఏమీ లేదు. నోటర్‌డామ్ వర్సిటీ, 2020 కోవిడ్ సీజన్ తప్పిస్తే, దశాబ్దాలుగా ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు, మిగతా ఆటలు చాలావరకు ఏసీసీలో ఆడుతోంది. దానివల్ల దానికి ఏ కొరతా రాలేదు, 2024 సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్లింది. యూసీఎల్‌ఏ కోచ్‌గా ఉన్నప్పుడు చిప్ కెలీ కూడా 2023 డిసెంబరులో దాదాపు ఇదే మాటన్నాడు. ఫుట్‌బాల్ కోచే ఫుట్‌బాల్‌ను విడిగా ఉంచమంటుంటే వినడానికి అధిపతులకు తీరిక లేకపోయింది.

అడ్డంకులు లేవని కాదు. కాన్ఫరెన్సుల సొంత చానళ్లకు రోజంతా చూపించడానికి ఈ చిన్న ఆటలు కావాలి, బాస్కెట్‌బాల్ ఎటు చేరాలన్నది మరో చిక్కుముడి. విడదీశాక ఫుట్‌బాల్ తన డబ్బంతా తానే ఉంచుకుంటే మిగతా ఆటలు ఎండిపోతాయన్న భయం అన్నిటికన్నా బలమైంది. అందుకే కూటమి వేరైనా ఖజానా వేరు కాకూడదు. ఫుట్‌బాల్ రాబడి వర్సిటీకే చేరాలి. ఆడపిల్లలకు సమాన అవకాశాలివ్వాలన్న 1972 చట్టం, టైటిల్ నైన్, ఎప్పటిలాగే వర్సిటీ మొత్తానికీ వర్తించాలి. ప్రయాణ ఖర్చులో మిగిలేది అదనపు లాభం.

దీనికి తోడు వాషింగ్టన్ డీసీలో జరగాల్సిన పని ఒకటుంది. ప్రొఫెషనల్ లీగులు తమ జట్లన్నిటి టీవీ హక్కులను కలిపి అమ్ముకునే వెసులుబాటు 1961 చట్టం ఇచ్చింది. కాలేజీలకు అది లేదు. అందుకే ఎవరికి వారే యమునా తీరే. ఆ చట్టాన్ని సవరించి కాలేజీలన్నీ కలిసి అమ్ముకునే వీలు కల్పించాలని టెక్సస్ టెక్ పాలకమండలికి చెందిన కోడీ క్యాంప్‌బెల్ గట్టిగా ప్రచారం చేస్తున్నారు. బిగ్ టెన్, ఎస్ఈసీలకు ఇది రుచించదు. ప్లేఆఫ్ డబ్బులో సగానికి పైగా ఇప్పటికే ఆ రెండిటికే పోతోంది, ఉన్నదాన్ని పంచుకోమంటే ఎవరు ఊరుకుంటారు? హక్కులు కలిపితే అమ్మేవారి బేరశక్తి పెరుగుతుంది, పుల్‌మన్ లాంటి ఊళ్లకూ వాటా అడిగే చోటు దొరుకుతుంది. అయితే 1984లో సుప్రీంకోర్టు ఎత్తిచూపిన గుత్తాధిపత్యం మళ్లీ రాకుండా ఆటగాళ్ల వాటాను కూడా ఆ చట్టంలోనే రాయాలి. అది లేని సవరణ మాకు సమ్మతం కాదు.

బిగ్ టెన్ ప్రసార ఒప్పందం 2030లో ముగుస్తుంది, బిగ్ 12ది ఆ మరుసటి ఏడాది. బేరాలు అంతకు చాలా ముందే మొదలవుతాయి. ఈలోగా బిగ్ టెన్ భవిష్యత్ ఆదాయంలో వాటాను పెట్టుబడిదారులకు అమ్మే ప్రతిపాదన 2025లోనే వచ్చింది. 240 కోట్ల డాలర్ల ఆ బేరానికి మిషిగన్, యూఎస్‌సీ అడ్డుతగలడంతో ప్రస్తుతానికి ఆగింది. రేపు అలాంటి వాటా అమ్ముడైతే, ఆటలను విడదీయాలన్న నిర్ణయం వర్సిటీల చేతుల్లో ఉండదు. పాలకమండళ్లు ముందుగా చేయాల్సింది, ఫుట్‌బాల్ కాని ప్రతి జట్టు ప్రయాణాల ఖర్చును, ఆ విద్యార్థులు పోగొట్టుకున్న తరగతుల లెక్కను 2024 నుంచి ఏడాదివారీగా బయటపెట్టడం.