దుర్వాసుడికి డగౌట్

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ బాగుపడాలంటే దాని ఒకప్పటి కెప్టెన్ రాయ్ కీన్‌ను మేనేజర్‌గా, అంటే ప్రధాన కోచ్‌గా నియమించక తప్పదని హైదరాబాద్ నగరం తీర్మానించింది. ఏ సభలో తీర్మానించారని అడగకండి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో శనివారం రాత్రి పెద్ద తెర ఉన్న ఏ హోటల్లోకి వెళ్లినా ఆ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందుతూనే ఉంటుంది. 2013లో మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ తప్పుకున్న తర్వాత ఆ కుర్చీలో అరడజను మంది కూర్చుని లేచారు. ఒకరు లేచిన ప్రతిసారీ మన నగరం ఇదే పేరు సూచించింది. సలహా అందినట్లు అక్కడినుంచి ఇంతవరకు రసీదు రాలేదు.

ఇంగ్లండ్ క్లబ్బు గొడవ మనకెందుకని కొందరు అల్పసంతోషులు అడుగుతారు. మనకు కాకపోతే ఇంకెవరికి ఉంది ఇంత తీరిక? మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిచింది, 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి కాపురం ఎత్తేసింది. సొంత పొలం అమ్ముకున్నవాడికి ఊరి సాగునీటి సమస్య మీద ఆలోచించేందుకు కావలసినంత సమయం దొరుకుతుంది. పోతే, మనకు ఆ కప్పు తెచ్చిపెట్టిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ ఆటగాడిగా గొప్ప పేరున్నవాడేమీ కాదు. ఈ సంగతి మా వాదనకు అడ్డు వస్తోంది కనుక దీన్ని ఇక్కడే వదిలేస్తున్నాం.

కీన్‌కే ఎందుకు పట్టం కట్టాలంటే సమాధానం ఒక్కటే: కోపం. ఆటగాళ్లకు భయం లేదు, లక్షల పౌండ్ల జీతాలు తీసుకుని మైదానంలో నడుస్తున్నారు, నాలుగు పెట్టేవాడు కావాలి. ఈ మాట అంటున్నవారు ఎవరో ఒక్కసారి చూడండి. శుక్రవారం సాయంత్రం మీటింగులో మేనేజర్ గొంతు పెంచాడని హెచ్ఆర్ విభాగానికి మూడు పేజీల ఫిర్యాదు పంపినవారు. అందులో 'మానసిక క్షోభ' అనే మాట నాలుగు చోట్ల వాడినవారు. వారే శనివారం రాత్రి, విరామానికి జట్టు ఒక గోలు వెనకబడి ఉంటే, డ్రెస్సింగ్ రూములో కుర్చీలు ఎగరాలని కోరుకుంటారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదని మా అభిప్రాయం. కోపం మంచి మందు. దానిని పక్కవాడికి పట్టించాలి.

అభ్యర్థి అర్హతలను పరిశీలిద్దాం. ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో పుట్టాడు. 1990లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరాడు. 1993లో యునైటెడ్ ఆయనను 37.5 లక్షల పౌండ్లకు కొన్నది, అప్పట్లో అది బ్రిటన్ రికార్డు. 1997 నుంచి కెప్టెన్. ఇంగ్లండ్ మొదటి శ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ టైటిళ్లు ఏడు. 1999లో టురిన్‌లో ఇటలీ జట్టు యువెంటస్ మీద, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో రెండు గోల్స్ వెనకబడిన జట్టుకు తలతో మొదటి గోలు కొట్టాడు. ఆ తర్వాత పసుపు కార్డు చూసి ఫైనల్ ఆడే అవకాశం పోయిందని తెలిసి కూడా మరింత కసిగా ఆడాడు. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు, ఆ రాత్రి ఆట చూసినవారెవరైనా ఒప్పుకుంటారు.

ఇక రెండో దస్త్రం. 2001లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు ఆల్ఫీ హాలాండ్ మోకాలి మీదికి కాలు ఎత్తి రెడ్ కార్డు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆత్మకథలో ఆ సంగతి తానే దాపరికం లేకుండా రాసుకుని అయిదు మ్యాచ్‌ల నిషేధం, లక్షన్నర పౌండ్ల జరిమానా అదనంగా సంపాదించాడు. రచయితలకు పుస్తకాల మీద డబ్బు రావడం విన్నాం కానీ ఇలా పోవడం అరుదు. (ఆ హాలాండ్ గారి అబ్బాయి ఇప్పుడు అదే సిటీ జట్టుకు కట్టలు తెంచుకున్నట్లు గోల్స్ కొడుతున్నాడు. కొన్ని బాకీలు వడ్డీతో సహా వసూలవుతాయి.) 2002 ప్రపంచ కప్‌కు ముందు సైపాన్ దీవిలోని సాధన శిబిరంలో మైదానం రాయిలా ఉందని, సామాన్లు రాలేదని, గోల్‌కీపర్లు సాధనకు దిగలేదని ఐర్లండ్ కోచ్ మిక్ మెకార్తీతో తగాదా పడి, ప్రపంచ కప్ మొదలుకాకముందే ఇంటికి తిరిగి వచ్చేశాడు. ఇంటికి వచ్చి కుక్కను షికారుకు తీసుకెళ్లాడు. ఐర్లండ్ దేశం రెండుగా చీలిపోయింది. కుక్క మాత్రం తటస్థంగా ఉంది.

సైపాన్ మైదానం మీద అంత గొడవ చేసిన మనిషి మన నగరానికి వస్తే ఎలా ఉంటుందో మేము ఊహించి చూశాం. ఫతే మైదాన్ అని పెద్దలు పిలుచుకునే ఎల్బీ స్టేడియానికి తీసుకెళ్తాం. అక్కడ ఆటలు మాత్రమే జరుగుతాయనుకోవద్దని ముందే చెప్పాలి. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది కూడా అక్కడే. "సాధనకు మైదానం ఎప్పుడు ఖాళీ?" అని కీన్ గారు అడుగుతారు. "సభ అయిపోగానే, షామియానా విప్పగానే" అంటాం. ఆయన అదే ఆటోలో శంషాబాద్ వెళ్లిపోతారు. కుక్క అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది.

అయినా మేనేజర్‌గా ఆయన పని చేయలేదని ఎవరనగలరు? 2006 ఆగస్టులో సండర్లాండ్ జట్టు రెండో శ్రేణిలో మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడి అడుగున పడి ఉంటే పగ్గాలు చేపట్టాడు. 2007 వసంతానికల్లా అదే జట్టు ఆ శ్రేణి విజేత. ఆ ప్రయాణంలో ఒక మైలురాయి బార్న్‌స్లీ మ్యాచ్. ముగ్గురు ఆటగాళ్లు బస్సుకు ఆలస్యంగా వచ్చారు. బస్సు వారిని వదిలి వెళ్లిపోయింది. సండర్లాండ్ 2-0తో గెలిచింది. యునైటెడ్ అభిమానులు ఈ కథను పురాణ శ్రవణంలా చెప్పుకుంటారు.

ఈ సూత్రాన్ని హైదరాబాద్‌లో అమలు చేస్తే? శుభలేఖలో ఏడు గంటలని అచ్చు వేసి తొమ్మిదిన్నరకు వరుడు వచ్చే నగరం ఇది. "అయిదు నిమిషాల్లో మీ దగ్గర ఉంటాను" అన్నవాడు అప్పటికింకా స్నానానికి వేడినీళ్లు పెట్టుకుంటూ ఉంటాడు. ఆరు గంటలకు బస్సు కదలాలంటే కీన్ గారు, డ్రైవరు తప్ప ఎవరూ ఉండరు. డ్రైవరు కూడా చాయ్ తాగడానికి దిగి ఉంటాడు.

ఇంకో సంగతి ఆయనే తన రెండో ఆత్మకథలో చెప్పుకున్నాడు. సండర్లాండ్‌కు రాబీ సావేజ్ అనే ఆటగాడిని తీసుకుందామని ఫోను చేశాడట. అతడు ఎత్తలేదు. ముందుగా రికార్డు చేసిపెట్టిన అతడి పలకరింపు వినిపించింది, అందులో కాస్త హుషారు ఎక్కువైంది. కీన్ ఫోను పెట్టేసి, ఇలాంటి మనిషి మనకు వద్దనుకున్నాడు. ఈ కొలబద్ద పెడితే హైదరాబాద్‌లో జట్టు కట్టడం ఎవరి తరం? ఇక్కడ ఎవరికి ఫోను చేసినా అవతలివారు ఎత్తేలోగా దేవుడి పాటో, పదేళ్ల కిందటి ప్రేమగీతమో మోగుతూ ఉంటుంది. సెంటర్ ఫార్వర్డ్‌కు ఫోను చేస్తే విరహ గీతం, గోల్‌కీపర్‌కు చేస్తే భజన. బదిలీల గడువు ముగిసేనాటికి కీన్ గారి జాబితాలో మిగిలేది ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్లే.

సండర్లాండ్ కథలో తర్వాతి అధ్యాయాన్ని హోటల్లో ఎవరూ చదవరు. ప్రీమియర్ లీగ్‌లో తొలి ఏడాది పదిహేనో స్థానం. 2008 డిసెంబరులో సొంత మైదానంలో బోల్టన్ చేతిలో 4-1తో ఓడాక రాజీనామా. 2009 ఏప్రిల్‌లో ఇప్స్‌విచ్ జట్టు. 2011 జనవరిలో అక్కడ ఉద్వాసన. ఆ తర్వాత మార్టిన్ ఓనీల్ కింద ఐర్లండ్ జట్టుకు సహాయకుడు, ఆపైన టీవీ. హెడ్ మేనేజర్‌గా మళ్లీ ఎవరూ పిలవలేదో, పిలిస్తే ఈయనే పోలేదో. మొత్తానికి పదిహేనేళ్లుగా ఆయన ప్రతి మ్యాచ్‌కూ హాజరవుతున్నాడు, ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు.

ఇక్కడే మనవారు పురాణాలు సరిగా చదువుకోలేదని తెలిసిపోతుంది. మనకు కోపిష్టి మునులు ఇద్దరున్నారు. దుర్వాసుడు అతిథిగా వస్తాడు, భోంచేస్తాడు, లోపం కనిపెడతాడు, శపిస్తాడు, వెళ్లిపోతాడు. అంబరీషుడి ఇంట ఒక్కచోట తప్ప ఆ కోపానికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దగా లేదు. శకుంతల గతి ఏమైందో వెనక్కి తిరిగి చూసుకోవలసిన అవసరం ఆయనకు లేదు. ఇది అచ్చంగా టీవీ స్టూడియో ఉద్యోగం. విశ్వామిత్రుడి సంగతి వేరు. మొదట ఆయన రాజు, యోధుడు, అంటే మాజీ స్టార్. వసిష్ఠుడి చేతిలో ఓడి రెండో వృత్తిలోకి దిగాడు. కోపం వచ్చిన ప్రతిసారీ కూడబెట్టిన తపస్సు కరిగిపోయింది. రంభను రాయిగా మార్చిన రోజున అన్నేళ్ల పాయింట్లూ సున్నా. అలాంటివాడు చివరికి శిక్షకుడిగా మారి, రామలక్ష్మణులను పంపమని దశరథుడి కొలువుకు వచ్చినప్పుడు ఏమన్నాడో గుర్తుందా? తాను దీక్షలో ఉన్నాడు గనుక కోపం ప్రయోగించకూడదన్నాడు. రాక్షసులను శపించే శక్తి ఉండి కూడా ఇద్దరు కుర్రవాళ్లకు విద్య నేర్పి వాళ్లతో ఆడించాడు. దశరథుడు తటపటాయించినప్పుడు మాత్రం కోపం వచ్చిందనుకోండి. క్లబ్బు యజమానితో గొడవ పడని కోచ్ ఎవరున్నారు?

కీన్ గారి చిక్కల్లా తనకు సునాయాసంగా చేతనైంది ఎదుటివాడికి ఎందుకు చేతకావడం లేదో అర్థం కాకపోవడం. ఇది ఆయన లోపమని విమర్శకులు అంటారు. ఎదుటివాడి లోపమని మేము అంటాం.

ప్రత్యర్థులు తెచ్చే ఉదాహరణలకు కూడా మా దగ్గర జవాబులున్నాయి. 2006 ప్రపంచ కప్ ఫైనల్లో మాటెరాజీ గుండెల మీద తలతో పొడిచి బయటికి నడిచిన జినెదిన్ జిదాన్, రియల్ మాడ్రిడ్‌కు 2016, 2017, 2018లలో వరుసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిపించాడు. నిజమే. కానీ మైదానం అంచున కోచ్‌లు కూర్చునే డగౌట్ పక్కన ఆయన చేతులు కట్టుకుని, రిజిస్ట్రారు ఆఫీసులో టోకెన్ నంబరు కోసం ఎదురుచూసే పెద్దమనిషిలా నిలబడేవాడు. అది మోసం. మనం కొనుక్కున్నది ఆ తల పోటును. మరో మాజీ ఆటగాడు డియెగో సిమియోనె ఉన్నాడుగా అంటారు. 2011 చివరి నుంచి స్పెయిన్ జట్టు అట్లెటికో మాడ్రిడ్‌లో గంతులేస్తూ 2014లో, 2021లో లీగ్ గెలిచాడు. ఆయన గంతులు తన ఆటగాళ్లకు అండగా ఉంటాయి, వారి మీదికి దూకవు. కనుక లెక్కలోకి రాదు. మారడోనా 2009లో అర్జెంటీనాను ప్రపంచ కప్‌కు చేర్చి, విలేకరులను బూతులు తిట్టి, ఫిఫా చేత రెండు నెలల నిషేధం వేయించుకుని, 2010లో జర్మనీ చేతిలో 4-0తో ఇంటికి వచ్చాడు. ఈ ఉదాహరణ ఎవరి పక్షానిదో మేము ఇంకా తేల్చుకోలేదు.

మాజీ ఆటగాడు గ్రేమ్ సూనెస్ కథ మాత్రం మాకు ప్రాణం. 1996లో టర్కీ జట్టు గలతసరాయ్ మేనేజర్‌గా టర్కిష్ కప్ ఫైనల్ గెలిచి, ప్రత్యర్థి ఫెనర్‌బాహ్చె మైదానం నడిబొడ్డున తమ జెండా పాతాడు. ఆ వేసవిలోనే పదవి పోయింది, జెండా మాత్రం టర్కీ జ్ఞాపకాల్లో ఇప్పటికీ ఎగురుతోంది. ఫలితాలు అనిత్యం.

మరి ఫెర్గూసన్ కోపిష్టి కాడా అని ఎవరో ఒకరు అడుగుతారు. 2003లో ఆయన తన్నిన బూటు ఎగిరి తన ఆటగాడు బెక్హామ్ కనుబొమ్మకు తగిలి కుట్లు పడ్డాయి. అదే ఫెర్గూసన్, తన మరో ఆటగాడు ఎరిక్ కాంటోనా ఏం చేసినా పెదవి విప్పేవాడు కాదు. ఎవరిమీద అరవాలో, ఎవరిమీద అరవకూడదో లెక్క వేసుకున్న కోపం అది. లెక్క చూసుకుని వచ్చేదాన్ని కోపమని మేము ఒప్పుకోం.

చివరి అడ్డంకి మన ఊరివాడే. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. భారత్ 1951లో ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం సాధించింది. కుడికాలి ఆటగాళ్లను ఎడమకాలితోనే ఆడించే పోటీలు, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవాడట. అంటే ఆటగాడికి ఏది చేతకాదో దాని దగ్గరే పాఠం మొదలుపెట్టేవాడన్నమాట. అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం సాధనకు రావడానికి డబ్బు లేదంటే సైకిలు అద్దె తానే ఇచ్చాడని చెప్పుకుంటారు. జకార్తా ఫైనల్‌కు ముందు రోజు రాత్రి, అప్పటికే క్యాన్సర్ తినేస్తున్న మనిషి, ఆటగాళ్లను తిట్టలేదు, రేపు నాకొక కానుక కావాలి అని అడిగాడట. తలకు కుట్లతో జర్నైల్ సింగ్ ఒక గోలు, పీకే బెనర్జీ ఒక గోలు కొట్టి దక్షిణ కొరియా మీద 2-1తో ఆ కానుక ఇచ్చారు. 1963 జూన్‌లో ఆయన పోయారు.

ఈ ఉదాహరణకు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఆయన పేరు ఎత్తకుండా నగరమంతా ఇంత పకడ్బందీగా జాగ్రత్త పడుతోంది.

పోనీ, ఆటగాళ్లనే మారుద్దామా? పదకొండు మంది కీన్‌లను దింపితే మేనేజర్ కీన్‌కు అలిగే పని ఉండదని ఒక సూచన వచ్చింది. పరిశీలించాం. పదిహేనో నిమిషంలో మైదానం బాగాలేదని పదకొండు మందీ విమానం ఎక్కుతారు. సాయంత్రానికి మాంచెస్టర్ వీధుల్లో పదకొండు లాబ్రడార్లు.

కనుక మధ్యే మార్గంగా స్థానిక అభ్యర్థులను ప్రతిపాదిస్తున్నాం. కీన్ గారికి ఉన్న కోపమంతా ఉండి, పతకాలు మాత్రం లేని వ్యక్తులు మన దగ్గర కొల్లలు. ఆదివారం ఉదయం కొండాపూర్‌లో గంటకు ఇంత అని అద్దెకిచ్చే ఏ టర్ఫ్ దగ్గరికైనా వెళ్లండి. వల బయట తండ్రులు వరుసగా నిలబడి ఉంటారు. మొన్న ఒకాయన తన ఏడేళ్ల కొడుకు వెనక్కి పరిగెత్తి డిఫెండ్ చేయలేదని కంచె పట్టుకుని ఊపుతున్నాడు. ఆ పిల్లవాడు మైదానం మధ్యలో కూర్చుని లేసు కట్టుకుంటున్నాడు. ఆయనకు ఆఫీసులో నోటీసు పీరియడ్ మూడు నెలలట. అంతవరకు యునైటెడ్ వారు ఆగగలరేమో కనుక్కోవాలి.