జూట్ బ్యాగ్ లోపల ఆ ప్లాస్టిక్ పొర ఎందుకండీ?

ఇప్పుడే జరిగింది, కోపం ఇంకా తగ్గలేదు, అలాగే టైప్ చేస్తున్నా. జూట్ బ్యాగ్ కొని ఏడాది కూడా కాలేదు. ఇవాళ వానలో తడిసింది, ఇంటికొచ్చి తిరగేసి దులిపితే లోపలంతా పొరలు పొరలుగా ఊడొచ్చింది, ఎండకి కమిలిన చర్మం లేచినట్టు. సన్నటి ప్లాస్టిక్! ముక్కలు ముక్కలై తడి కూరగాయలకి అంటుకుపోతే గోటితో గీకి తీశా.

ఒళ్ళు మండి ఓ మూల కత్తిరించి, నార వేరు, పొర వేరు చేసి అగ్గిపుల్లతో అంటించి చూశా. నార కాగితంలా కాలి బూడిదైంది. పొరేమో ముడుచుకుని, కరిగి, నల్లటి బొట్టై కింద పడింది. ఆ కంపు మీకు తెలిసిందే. మరి బ్యాగ్ మీద ఆకు బొమ్మేసి నూరు శాతం సహజం అని ఎలా అచ్చేశారు?

అమ్మినవాళ్లని అడిగితే నీళ్లు కారకుండా, బ్యాగ్ బిగువుగా నిలబడటానికి లామినేషన్ అన్నారు. సరే, ఆ ముక్క బయట రాయండి మరి! ఉత్త నార అయితే మట్టిలో కలిసిపోయేది. దానికి ప్లాస్టిక్ అతికించాక అటు మట్టికీ కాదు, ఇటు రీసైక్లింగ్‌కీ కాదు. అంతగా అయితే లోపల కాటన్ లైనింగ్ కుట్టొచ్చు కదా. తడిస్తే గాలికి ఆరెయ్యండి, తడిమీద మడిచిపెడితే బూజు పడుతుంది అని ఒక చీటీ పెడితే కొనుక్కున్నవాళ్లు చూసుకోరా?

అసలు ఆ నార ఎలా వస్తుందో తెలిస్తే ఈ పని చెయ్యబుద్ధి కాదు. నాలుగు నెలల పంట. గంగా, బ్రహ్మపుత్ర డెల్టాలో ఒండ్రు నేలల్లో మనిషిని మించి ఎదుగుతుంది. కోసి కట్టలు కట్టి రెండు మూడు వారాలు నీళ్లలో మగ్గబెడతారు, బెరడులో నారని పట్టి ఉంచే జిగురుని సూక్ష్మజీవులు తినేస్తాయి. అప్పుడు రైతులు, కూలీలు ఆ కుళ్లు నీళ్లలో నడుములోతు నిలబడి చేత్తో నార వొలుస్తారు, గంటలకి గంటలు. రాలిన ఆకు పొలానికే ఎరువు, మిగిలిన పుల్లలు పొయ్యిలోకి, దడులకి. ఒక్కటి వృథా పోదు. అంత చాకిరీ చేసి తీసిన నారకి చివర్లో తీసుకొచ్చి ప్లాస్టిక్ పూస్తారా!

ఇంకో మాట, ఇది నాకు ఎప్పట్నించో ఉన్న బాధ. ఇదే జనపనారని గోనె అంటే చిన్నచూపు. చిరిగితే గుమ్మంలో కాళ్లు తుడుచుకోడానికి పడేస్తారు. అదే గుడ్డకి రంగేసి పట్టీలు కుడితే జూట్ అయిపోతుంది, భుజాన వేసుకుంటారు. అబ్బా గోనె కంపు అంటారు, ఆ వాసన నారది కాదండీ, మిల్లులో నార మెత్తబడటానికి చల్లే మినరల్ ఆయిల్‌ది, అంటే పెట్రోలియం నుంచి తీసే నూనెది. దాని బదులు రైస్ బ్రాన్ ఆయిల్ వాడి కూడా సంచులు నేస్తున్నారు, ఆహారపదార్థాలకి. తప్పు నూనెది, పేరు నారకి.

1855లో కోల్‌కతా దగ్గర రిష్రాలో మొదటి జూట్ మిల్లు పెట్టినప్పటి నుంచి హుగ్లీ నది ఒడ్డున ఈ నార నేస్తూనే ఉన్నారు. ధాన్యానికి జనపసంచులే వాడాలని 1987లో చట్టం కూడా వచ్చింది. క్వింటాళ్ల కొద్దీ ధాన్యం మోసిన గుడ్డ అది, నాలుగు కూరగాయలు మొయ్యడానికి దానికి ప్లాస్టిక్ ఆసరా కావాలా?

ఇందాకట్నించి కూర్చుని లోపలి పొర చేత్తో పీకుతూనే ఉన్నా, సగం అయింది. కింద నార గట్టిగా ఉంది, ఒక్క పోగు కూడా తెగలేదు. బ్యాగ్‌ని నీడలో ఆరేశా. పీకిన పొరలు మాత్రం గుప్పెడు టేబుల్ మీదే ఉన్నాయి, నార పీచు అంటుకుని, ఏ చెత్తబుట్టలో వెయ్యాలో తెలీక.