సవరణ: కిన్నెబ్రూక్ లెక్కను ‘పొరపాటు’ అన్నందుకు

శాస్త్రజ్ఞానంలో పరిశీలకుడి స్థానం గురించి కిందటి వారం రాసినప్పుడు, గ్రీనిచ్ వేధశాల సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ నక్షత్రాల సమయాలను 0.8 సెకను ఆలస్యంగా నమోదు చేసే పొరపాటు వల్ల 1796లో ఉద్యోగం పోగొట్టుకున్నాడని పేర్కొన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

అప్పటి పద్ధతిలో, కన్ను దూరదర్శినిలోని సన్నని తీగ మీద, చెవి గడియారం చప్పుడు మీద ఉంచి, రెండు చప్పుళ్ల మధ్య నక్షత్రం తీగను ఎక్కడ దాటిందో చూసి, ఆ క్షణాన్ని సెకనులో పదో వంతు వరకు మనసులోనే అంచనా కట్టాలి. కిన్నెబ్రూక్ అంకెలు తన అంకెలతో కలవలేదని అధిపతి నెవిల్ మాస్కెలైన్ గుర్తించారు. అంటే మనకు తెలిసింది ఇద్దరి మధ్య తేడా మాత్రమే; అందులో ఏది సరైనదో ఆ లెక్క చెప్పదు. నేను మాత్రం అధిపతి కన్నునే కొలబద్దగా తీసుకున్నాను. ఆ యువకుడికి అది అన్యాయం.

రెండో సవరణ మరింత ముఖ్యమైనది. 1820ల్లో కోనిగ్స్‌బర్గ్‌లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ ఈ తేడాలను కొలిచి పరిశీలకుణ్ణి లెక్కలోంచి తొలగించారని రాశాను. నిజానికి, ఆరితేరిన పరిశీలకుల మధ్య కూడా ఒక సెకనుకు పైగా తేడా ఉండవచ్చని చూపించి, ఆయన పరిశీలకుణ్ణి లెక్కలోకి తెచ్చారు. అప్పటి నుంచి నక్షత్రం స్థానంతో పాటు చూసినవారెవరన్నదీ లెక్కలో భాగమైంది.